పాత డిజిటల్ కెమెరా ఎంతకి పోతుంది? ముందు ఛార్జర్ ఉందా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఈ బల్ల మీద పరిచినవి చూసి కొంతమంది నవ్వుతున్నారు, నవ్వండి, మా ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. మొత్తం 14 కెమెరాలు. అన్నీ 1999 నుంచి 2008 మధ్యలో వచ్చినవి. వీటిలో ఈ పూట ఫోటో తీయగలిగేవి 9. మిగతా 5 ఎందుకు తెచ్చానో తర్వాత చెప్తాను, అసలు సగం విషయం వాటిలోనే ఉంది.

నేను ఈ పాత కెమెరాలు కొంటానని, బాగుచేస్తానని తెలిసినవాళ్ళు కనపడగానే అడిగే ప్రశ్న ఒకటే. "బీరువా సర్దుతుంటే పాత డిజిటల్ కెమెరా దొరికిందండీ, ఇప్పుడు వీటికి మంచి డిమాండ్ ఉందట కదా, ఎంతొస్తుంది?" మోడల్ పేరు అడిగితే, వెండి రంగుది అంటారు. (నవ్వులు) ఆ రోజుల్లో అన్నీ వెండి రంగువేనండీ. నేను తిరిగి అడిగేదీ ఒకటే. ఛార్జర్ ఉందా? అక్కడ మాట ఆగిపోతుంది. ఛార్జర్ ఏమైందో ఎవరికీ తెలియదు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి తొందరగా వెళ్ళాల్సినవాళ్ళు ఇక్కడితో లేచి వెళ్ళిపోయినా నష్టం లేదు.

ముందు ఈ ధరలు ఎలా పడ్డాయో చూద్దాం. 1999లో 2 మెగాపిక్సెల్ అంటే గొప్ప. రెండేళ్ళు తిరిగేసరికి 3, 4 వచ్చేశాయి, 2006 నాటికి 7, 8, 10. అంటే నిన్న కొన్న కెమెరా రేపటికి పాతదైపోయేది, దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడే ఉండేవాడు కాదు, ఎందుకంటే అంతే డబ్బుకి ఇంకా మంచి కొత్తది దొరికేది. ఫిల్మ్ కెమెరాకి ఈ బాధ లేదు, కొత్త ఫిల్మ్ వేస్తే పాత కెమెరా కూడా కొత్తదే. డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ లోపలే బిగించి ఇచ్చారు మరి. ఆ తర్వాత ఫోన్లు వచ్చి మొత్తం ఆటే ముగించేశాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క చూస్తే, 2010లో ఆ కంపెనీలు పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు, వాటిలో 10 కోట్లకి పైగా ఈ జేబులో పట్టే చిన్న కాంపాక్ట్‌లే. 2023కి వచ్చేసరికి కాంపాక్ట్‌లు 20 లక్షలు కూడా లేవు.

ఈ అంకెని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఏడాదికి 10 కోట్లు తయారైన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? అవ్వదు. అమ్మేవాళ్ళు "చాలా రేర్ పీస్" అని రాస్తారు చూడండి, ఆ మాట చూడగానే నేను పక్కకి జరుగుతాను. కెమెరాలు ప్రపంచం నిండా ఉన్నాయి, సొరుగుల్లో, అటకల మీద, పాత బ్యాగుల అడుగున. అరుదైపోయినవి పనిచేసే కెమెరాలు. దాని సొంత బ్యాటరీతో, దాని కార్డుతో, మధ్యలో ఆగకుండా లెన్స్ బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళేవి. 2022 ప్రాంతం నుంచి చిన్న వయసువాళ్ళు, అంటే ఈ కెమెరాలు కొత్తగా ఉన్నప్పుడు ఉయ్యాల్లో ఉన్నవాళ్ళు, వీటి కోసం వెతకడం మొదలుపెట్టారు, సోషల్ మీడియాలో డిజిక్యామ్ అన్న మాట ఊరంతా అయింది, ధరలు లేచాయి. కానీ కొన్ని కెమెరాలవే లేచాయి. వేటివి లేచాయన్నదే చెప్తున్నాను.

నా లెక్కలో ఇవి మూడు గుంపులు. మొదటిది మరీ పాతవి, 1998కి ముందువి. వాటితో ఫోటోలు తీద్దామని ఎవరూ కొనరు, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కొంటారు. ఆపిల్ క్విక్‌టేక్ 100 అని 1994లో వచ్చింది, తయారుచేసింది కొడాక్, పేరు ఆపిల్‌ది. 640×480 సైజులో ఎనిమిదంటే ఎనిమిది ఫోటోలు పడతాయి, తీసింది చూసుకోవడానికి వెనక స్క్రీన్ లేదు, సీరియల్ కేబుల్‌తో ఆపిల్ వాళ్ళ పాత మ్యాక్ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. కెమెరాగా దాంతో ఏం చేస్తారు? ఏమీ చేయరు. కానీ ఆపిల్ వస్తువులు పోగేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ళకి అది కావాలి, అట్టపెట్టె, పుస్తకం, కేబుల్ ఉంటే ఇంకా కావాలి. ఈ గుంపులో మాత్రం పనిచేయకపోయినా కొంత విలువ ఉంటుంది, ఒక్కోసారి కెమెరా కంటే పెట్టెకే గిరాకీ. 1995 నాటి క్యాసియో క్యూవీ-10 కూడా అలాంటిదే. మామూలు జనం కొనుక్కునే కెమెరాల్లో వెనక స్క్రీన్ పెట్టింది అదే మొదట, 1.8 అంగుళాల స్క్రీన్, ఫోటో సైజు 320×240, లెన్స్ ఉన్న ముక్క అటూ ఇటూ తిరుగుతుంది. ఇప్పుడు మనం ఫోటో తీయగానే దించి చూసుకుంటాం కదా, జనానికి ఆ అలవాటు నేర్పిన కెమెరా అది. సోనీ మావికా గురించి వినే ఉంటారు, 1997లో వచ్చింది, మామూలు ఫ్లాపీ డిస్క్ మీదే ఫోటో రాసేది. అందులో ఫ్లాపీ తిరిగే చప్పుడు కోసమే కొనేవాళ్ళున్నారు, నిజంగా! అయితే సోనీయే 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది, కాబట్టి మావికా కొన్నవాడు ఆ తర్వాత ఫ్లాపీల వేటలో పడతాడు.

రెండో గుంపు 1999 నుంచి 2002, 2003 దాకా. నికాన్ కూల్‌పిక్స్ 950, మొదటి కేనన్ డిజిటల్ ఇక్సస్, ఒలింపస్ కామీడియాలు, ఇలాంటివి. ఇది నాకు ఇష్టమైన గుంపు, బజారులో మాత్రం దీని పరిస్థితి అటూ ఇటూ కాకుండా ఉంటుంది. మరీ మ్యూజియం వస్తువులు కావు, వాడుకుందామంటే కార్డులు, కేబుళ్ళు దొరకవు, స్క్రీన్లు చిన్నవి, ఒక ఫోటోకి ఇంకో ఫోటోకి మధ్య ఆవులించేంత టైం పడుతుంది. మూడో గుంపు 2003 తర్వాత 2010 దాకా వచ్చిన సన్నటి, మెరిసే, జేబులో పట్టే కెమెరాలు. ఇప్పుడు గోలంతా వీటి మీదే.

సరే, ఇప్పుడు ఫోటోలు దాచే మెమరీ కార్డుల సంగతి, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

ఇప్పుడంటే ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ అని రెండే తెలుసు మనకి. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ ఒక్కో రకం కార్డు పెట్టింది. ఇదిగో ఇది స్మార్ట్‌మీడియా. చూడండి, రేకు ముక్కలా ఎంత పల్చగా ఉందో, బంగారు రంగు భాగం మొత్తం బయటికే ఉంటుంది, వేలు తగిలితే అక్కడే తగలాలి. 1995లో తోషిబా తెచ్చింది, 128 ఎంబీ దాటలేదు, అక్కడే ఆగిపోయింది. పైగా ఇందులో 5 వోల్టులవి, 3.3 వోల్టులవి అని రెండు రకాలు, మూల ఏ వైపు కోసి ఉందో చూసి గుర్తుపట్టాలి, ఒకదాని కెమెరాలో ఇంకోటి పనిచేయదు. ఇంకా ఉంది. మరీ పాత కెమెరాలు పెద్ద కార్డుని గుర్తుపట్టవు, 128 ఎంబీది దొరికిందని సంబరపడి పెడితే కెమెరా కార్డే లేదంటుంది. తర్వాత 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి ఎక్స్‌డీ కార్డు తెచ్చాయి, గోరంత ఉంటుంది, అది 2 జీబీ దగ్గర ఆగింది, కొన్నేళ్ళకి వాళ్ళే దాన్ని వదిలేసి ఎస్‌డీకి వెళ్ళిపోయారు. సోనీకి మెమరీ స్టిక్. మొదటి రకం మెమరీ స్టిక్ 128 ఎంబీ, తర్వాత ప్రో వచ్చింది, డ్యూయో వచ్చింది, పాత కెమెరా ప్రోని చదవదు.

దీనివల్ల ధర మీద ఏమవుతుందంటే, ఎక్స్‌డీ కార్డు వాడే కెమెరా, కార్డు లేకుండా చవగ్గా దొరుకుతుంది, మనం కొనేస్తాం, ఇంటికొచ్చి కార్డు కోసం చూస్తే కార్డుకి కెమెరా కంటే ఎక్కువ అడుగుతున్నారు. అసలు కంటే కొసరు ఖరీదు. అందుకే ఎక్స్‌డీ కెమెరా అమ్మేటప్పుడు కార్డుతో కలిపి అమ్మినవాడు ముందే అమ్ముకుంటాడు, ఆ తేడా అతనికి తెలిసే ఉంటుంది. నేనైతే కార్డు లేని ఎక్స్‌డీ కెమెరా చూస్తే మొదట కార్డు ధర తీసేసి, మిగిలినదే కెమెరా ధర అనుకుంటాను. చాలాసార్లు మిగిలేది సున్నా.

అదే కాంపాక్ట్‌ఫ్లాష్ అయితే గొడవ లేదు. 1994లో వచ్చింది, పెద్ద కెమెరాల్లో చాలాకాలం నడిచింది కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది, ఎస్‌డీ కార్డుని కాంపాక్ట్‌ఫ్లాష్‌లా మార్చే అడాప్టర్లు కూడా ఉన్నాయి. ఎస్‌డీ కెమెరాలో ఇంకా సుఖం, కానీ అక్కడా ఒక తిరకాసు. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అని ఎక్కువ పట్టే కొత్త రకం ఎస్‌డీ వచ్చింది, 2 జీబీ పైన ఉండేవి దాదాపు అన్నీ ఆ తర్వాతవే. అంతకుముందు కెమెరాలు చాలావరకు 2 జీబీకి మించిన కార్డుని చదవలేవు. మీరు ఇవాళ బజారుకెళ్ళి కార్డు అడిగితే 32, 64, 128 జీబీలు ఇస్తారు. అది పెట్టగానే కార్డ్ ఎర్రర్ అని వస్తుంది, కెమెరా చెడిపోయిందనుకుని విసిరేస్తారు. నా దగ్గరికి పాడైపోయిందని వచ్చిన కెమెరాల్లో ఇలా వచ్చినవి ఎన్నో! ఒక పాత 1 జీబీ కార్డు ఎప్పుడూ జేబులో పెట్టుకుంటాను, అది పెట్టగానే కెమెరా లేచి కూర్చుంటుంది. తెచ్చినాయన నన్ను డాక్టర్‌లా చూస్తాడు. (నవ్వులు)

ఇక బ్యాటరీ. లిథియం బ్యాటరీ ఛార్జింగ్ లేకుండా ఏళ్ళ తరబడి పడుంటే లోపల వోల్టేజ్ బాగా పడిపోతుంది, మళ్ళీ ఛార్జ్ తీసుకోదు, కొన్ని ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెట్టకండి, కెమెరాలోంచి లాగడానికి స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, ఇది మాత్రం సరదాగా చెప్పడం లేదు. కొత్త బ్యాటరీ దొరుకుతుందా అన్నది మోడల్‌ని బట్టి. కేనన్, నికాన్ వాళ్ళ బాగా నడిచిన మోడళ్ళకి వేరే కంపెనీలు చేసే బ్యాటరీలు ఇప్పటికీ వస్తున్నాయి, వాటి ఛార్జర్లూ వస్తున్నాయి. తక్కువ అమ్ముడైన కంపెనీ, ఒకటి రెండు మోడళ్ళకే వాడిన బ్యాటరీ అయితే మాత్రం కథ కంచికే. అదే కంపెనీ అసలు కెమెరాలే మానేసి ఉంటే చెప్పక్కర్లేదు. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంది, అంతకు ముందే కాంటాక్స్ పేరుతో వచ్చే కెమెరాలు ఆగాయి.

ఇక్కడే ఏఏ సెల్లుల కెమెరాలు గెలుస్తాయి. గోడ గడియారంలో వేస్తాం చూడండి, అవే. అప్పట్లో అవి బరువు, లావు, చౌక రకం అని చిన్నచూపు చూశారు. ఇవాళ అవే పరీక్ష చేయడానికి వీలైనవి, కొన్నవాడికి ధైర్యం ఇచ్చేవి. కేనన్ ఏ సిరీస్ చాలావరకు ఇలాంటివే. ఒక చిన్న మాట, మామూలు ఆల్కలైన్ సెల్లులు వేసి, నాలుగు ఫోటోలకే ఆగిపోయిందని కెమెరాని తిట్టకండి, ఈ కెమెరాలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్లులు వేయండి. రికో జీఆర్ డిజిటల్ అని 2005లో వచ్చింది, దానికి సొంత బ్యాటరీ ఉంది, అది లేకపోతే రెండు ఏఏఏ సెల్లులు వేసినా నడుస్తుంది. ఎంత ముందుచూపు! ఆ కెమెరా ధర నిలబడటానికి లెన్స్, పేరు ముఖ్యకారణాలు, కానీ ఈ చిన్న వెసులుబాటు కూడా కలిసొచ్చిందని నా నమ్మకం.

సెల్లుల కెమెరాకి ఒక శాపం ఉంది, సెల్లులు లోపలే వదిలేస్తే కారతాయి. మూత తెరిచి స్ప్రింగుల మీద పచ్చగా, తెల్లగా పొడి ఉందేమో చూడండి. తక్కువ ఉంటే తుడిస్తే పోతుంది. లోపలి బోర్డు దాకా పాకి ఉంటే ఆశ వదులుకోవాలి. అలాగే ఆ మూత గొళ్ళెం, చిన్న ప్లాస్టిక్ కొక్కెం, అది విరిగితే మూత నిలవదు, మూత నిలవకపోతే కెమెరా ఆన్ కాదు. ఎంత గొప్ప కెమెరా అయినా, ఆ గోరంత ప్లాస్టిక్ ముక్కతో ధర సగానికి పడిపోతుంది. టేపు అంటించి వాడుకునేవాళ్ళు ఉన్నారు, నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు ఆ 5 కెమెరాల సంగతి. ఇందులో మూడింటికి లెన్స్ జబ్బు. ఆన్ చేస్తే లెన్స్ సగం వచ్చి, కీచుమని చప్పుడు చేసి ఆగిపోతుంది, స్క్రీన్ మీద లెన్స్ ఎర్రర్ అని వస్తుంది, ఆ తర్వాత ఆఫ్ అయిపోతుంది. కారణం ఇసుక రేణువు, ఒక చిన్న దెబ్బ, అరిగిన పళ్ళ చక్రం, ఏదైనా కావచ్చు. లెన్స్ గొట్టంలోంచి గొట్టం బయటికి రావాలి, మళ్ళీ అంత సన్నటి పెట్టెలోకి సర్దుకోవాలి, దాంట్లో పళ్ళ చక్రాలు గింజల కన్నా చిన్నవి. ఒకదాన్ని నేనే విప్పాను, కుర్రతనంలో. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఒక పక్క స్ప్రింగ్ ఎగిరిపోయింది, ఇంకో పక్క ఫ్లాష్ కోసం కరెంటు నిలవుంచే కెపాసిటర్ తగిలి చెయ్యి ఝుమ్మంది. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేసినా కొంతసేపు అలాగే ఉంటుంది. తెలియనివాళ్ళు విప్పకండి. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, లెన్స్ బయటికి పొడుచుకురాని మోడళ్ళు ఈ విషయంలో కాస్త నయం. 2002లో వచ్చిన మినోల్టా డిమాజ్ ఎక్స్‌లో లోపల ప్రిజం, అంటే గాజు పట్టకం, పెట్టి వెలుతురుని కిందికి వంచారు, జూమ్ మొత్తం లోపలే జరుగుతుంది. సోనీ టీ1 కూడా అంతే. కూల్‌పిక్స్ 950లో కూడా జూమ్ లోపలే.

మిగతా రెండింటికి సెన్సర్ జబ్బు, అంటే లెన్స్ వెనక ఫిల్మ్ బదులు వెలుతురుని పట్టుకునే చిప్‌కి. ఇది తెలుసుకోవాల్సిన చరిత్ర. 2005లో సోనీ తను తయారుచేసిన కొన్ని సీసీడీ రకం సెన్సర్లలో లోపం ఉందని చెప్పింది. వేడి, తేమ ఎక్కువ ఉన్నచోట సెన్సర్ ప్యాకేజీ లోపలి సన్నటి తీగలు అతుకు ఊడిపోతాయి. ఆ సెన్సర్లు సోనీ కెమెరాల్లోనే కాదు, కేనన్, నికాన్, ఫ్యూజీఫిల్మ్, ఒలింపస్, కోనికా మినోల్టా కెమెరాల్లోనూ ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు ప్రకటనలు ఇచ్చి ఉచితంగా బాగుచేశారు. ఆ సౌకర్యం ఎప్పుడో ముగిసిపోయింది, బాగుచేయించుకోని కెమెరాలు మాత్రం ఇంకా సొరుగుల్లో ఉన్నాయి. 2002 నుంచి 2004 మధ్య వచ్చిన కెమెరా కొంటుంటే ఇది మనసులో పెట్టుకోండి. ఆన్ చేస్తే మెనూ బాగా కనపడుతుంది, ఫోటో మాత్రం నల్లగా, లేదా ఊదారంగు చారలతో, నీళ్ళలో ముంచినట్టు అలలు అలలుగా వస్తుంది. పైకి కొత్తదానిలా మెరుస్తుంటుంది. పైన పటారం, లోన లొటారం.

దీనికి పక్కనే ఒక అపార్థం కూడా ఉంది. సీసీడీ కెమెరాని దీపం వైపో సూర్యుడి వైపో తిప్పితే స్క్రీన్ మీద నిలువుగా ఒక వెలుగు గీత కనపడుతుంది. అది జబ్బు కాదు, సీసీడీ పనిచేసే తీరే అంత, తీసిన ఫోటోలో సాధారణంగా ఆ గీత పడదు. ఇది తెలియక మంచి కెమెరాని వెనక్కి పంపినవాళ్ళున్నారు. ఒకసారి నేను అమ్మిన కెమెరాని అలాగే ఒకాయన తిప్పి పంపాడు, ఇంకొకరికి అదే కెమెరా కొంచెం ఎక్కువకే అమ్మాను, ఆయనకి ఆ గీతే నచ్చిందట. (నవ్వులు)

సీసీడీ అన్నాను కాబట్టి, దీని మీద నా గొడవ కూడా వినండి. ఇప్పుడు అమ్మేవాళ్ళు మోడల్ పేరు కంటే ముందు సీసీడీ అని రాస్తున్నారు, సీసీడీ రంగులు వేరు, ఫిల్మ్‌లా ఉంటాయి అని. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన పరికరం అది, 2009లో వాళ్ళకి నోబెల్ కూడా వచ్చింది, గొప్ప వస్తువే. కానీ అది వెలుతురుని లెక్కపెడుతుంది, అంతే. రంగు వచ్చేది సెన్సర్ మీదున్న రంగు ఫిల్టర్ల వల్ల, ఆ తర్వాత కెమెరా లోపలి ప్రాసెసర్ జేపెగ్, అంటే మనం చూసే ఫోటో ఫైలు, తయారుచేసే పద్ధతి వల్ల. మీకు నచ్చుతున్న ఆ పాత రూపంలో ఎక్కువ భాగం ఎదురుగా ముఖం మీద కొట్టే ఫ్లాష్‌ది, వెనకంతా చీకటైపోవడం, తెల్లటివి పూర్తిగా తెల్లబారిపోవడం, చిన్న సెన్సర్ వల్ల దగ్గరిదీ దూరందీ అన్నీ క్లియర్‌గా ఉండటం. ఫోన్ అయితే పది ఫోటోలు కలిపి నీడలు ఎత్తి, ముఖం నున్నగా చేసి ఇస్తుంది. ఇవి అలాంటి సేవలేవీ చేయవు. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇది చూడండి, ఇప్పుడు బాగా ధర పలికే కేనన్ జీ7 ఎక్స్ 2014 నాటిది, అందులో ఉన్నది సీసీడీ కాదు, సీమాస్ అనే ఇంకో రకం సెన్సర్. కేనన్ 2016 నాటి చిన్న ఇక్సస్ మోడల్‌ని 2025లో కాస్త మార్చి మళ్ళీ బజారులోకి తెచ్చింది, అందులోనూ సీమాస్. జనం అవీ కొంటున్నారు, అందులోనూ పాత రోజుల అందం చూస్తున్నారు. కాబట్టి సీసీడీ అన్న మూడు అక్షరాలకి విడిగా డబ్బులు ఇవ్వకండి.

పేరు తెచ్చే ధర ఇంకోటుంది. ఎవరో బాగా పేరున్న మనిషి చేతిలో ఒక మోడల్ కనపడితే వారంలో ఆ మోడల్ ధర లేస్తుంది, పక్కనే అదే కంపెనీది, అదే లెన్స్, అదే సెన్సర్, వేరే అంకె వేసి ఉన్న తమ్ముడు మోడల్ మాత్రం అలాగే పడుంటుంది. ఆ తమ్ముణ్ణి కొనుక్కోండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అమ్మేవాళ్ళకి చెప్తాను ఇప్పుడు. "టెస్ట్ చేయలేదు, చివరిసారి వాడినప్పుడు పనిచేసింది" అని రాస్తారు. చచ్చిన గేదెకి కుండెడు పాలు అన్నట్టుంటుంది అది. కొనేవాడు ఆ మాటని పనిచేయదు అనే చదువుతాడు, ధర కూడా అలాగే ఇస్తాడు. మీరు బ్యాటరీ తెప్పించి, ఛార్జ్ చేసి, ఆ కెమెరాతోనే నాలుగు ఫోటోలు తీసి ఆ ఫోటోలే పెట్టండి, ఒకటి ఆరుబయట, ఒకటి ఫ్లాష్‌తో, ఒకటి పూర్తి జూమ్‌లో, ఒకటి తెల్ల గోడది. తెల్ల గోడ ఫోటోలో లోపలి దుమ్ము, మచ్చలు అన్నీ బయటపడతాయి, బయటపడనివ్వండి, దాచినదాని కంటే చెప్పినదానికే నిలకడ ఎక్కువ. లెన్స్ తెరుచుకుని మూసుకునే పది సెకన్ల వీడియో ఒకటి తీస్తే, మీరు రాసే వంద మాటల కంటే దానికే విలువ. ఆ బ్యాటరీ ఖర్చు మీకు తిరిగి వస్తుందా అంటే, మూడో గుంపు కెమెరాలకి చాలావరకు వస్తుంది, మిగతావాటికి చెప్పలేను.

అన్నట్టు, అమ్మేముందు ఫోటోలు తీసేయండి. కార్డు తీసేశాం కదా అనుకుంటారు, చాలా కెమెరాల్లో లోపల కూడా కొన్ని ఎంబీల మెమరీ ఉంటుంది, కార్డు లేకుండా తీసినవి అక్కడ పడుంటాయి. నేను కొన్న ఒక కెమెరాలో ఎవరిదో పసిబిడ్డ ఫోటో ఒక్కటే ఉంది, అస్పష్టంగా, నిద్రపోతున్న బిడ్డ. ఆ బిడ్డకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. అమ్మినవాళ్ళకి పంపించాను, వాళ్ళు ఆ ఫోటో ఉన్నట్టే మర్చిపోయారు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ధర ఎక్కువ అడగొచ్చా సార్?)

అడగొచ్చు, ఎవరూ ఇవ్వరు. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అంటే లెక్క కడితే 20 లక్షల పైచిలుకు చుక్కలు, అంటే 2 మెగాపిక్సెల్. ఫోన్‌లో చూసుకునే ఫోటోకి పాత 3, 4 మెగాపిక్సెల్ చాలు. పైగా తర్వాత తర్వాత అదే గోరంత సెన్సర్‌లో 12, 14 కుక్కారు, చీకట్లో తీస్తే అంతా ఇసుక జల్లినట్టు ఉంటుంది. 2006లో ఫ్యూజీఫిల్మ్ ఎఫ్30 అని 6 మెగాపిక్సెల్‌తో వచ్చింది, అందరూ అంకెలు పెంచుతుంటే వాళ్ళు పెంచకుండా చీకట్లో బాగా తీసేలా చేశారు, తయారీ ఆగాక కూడా దాన్ని వెతుక్కుని కొన్నారు. పాపం, అది కూడా ఎక్స్‌డీ కార్డే.

(సభలోంచి: చెడిపోయినదాన్ని రిపేర్ చేయించి అమ్మితే మిగులుతుందా?)

మిగలదు. లెన్స్ యూనిట్ కొత్తది దొరకదు, ఇంకో చచ్చిన కెమెరాలోంచి తీసి వేయాలి, పనివాడి కూలే కెమెరా ధరని మించుతుంది. మీకు చేతనై, మీకు సరదా అయితే చేసుకోండి, నాలాగా. చెడిపోయినవి కూడా విడిభాగాల కోసం కొనేవాళ్ళుంటారు, అలా చెప్పే అమ్మండి, కొద్దో గొప్పో వస్తుంది.

(సభలోంచి: ఇంకో పదేళ్ళు దాచుకుంటే ధర పెరుగుతుందేమో కదండీ?)

క్యూవీ-10 లాంటిది, అట్టపెట్టెతో సహా ఉంటే దాచుకోండి. మామూలు మూడో గుంపు కెమెరా అయితే నేనైతే దాచను. ఇది పాత నాణెం కాదు, బీరువాలో ఉన్నా లోపల వయసు మీద పడుతూనే ఉంటుంది, గడియారం నడిపే బుల్లి సెల్లు పోతుంది, రబ్బరు జిగురు పడుతుంది, లెన్స్‌కి వేసిన గ్రీజు గట్టిపడుతుంది. దాచే తీరాలంటే బ్యాటరీ బయటికి తీసి విడిగా పెట్టండి, తేమ లేనిచోట ఉంచండి, అప్పుడప్పుడు ఆన్ చేసి లెన్స్ ఆడించండి. ధర మాత్రం ఇప్పటి మోజు మీద ఉంది, మోజు ఎన్నాళ్ళుంటుందో నేను పందెం కాయను.

ఆ చివర అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.

(సభలోంచి: మా అమ్మ కెమెరా అండీ, ఇదిగో తెచ్చాను. అమ్ముదామనుకుంటున్నా. ఎంతొస్తుంది?)

ఇలా తీసుకురా. మంచి మోడలే, ఎస్‌డీ కార్డుది, లెన్స్ మీద గీతల్లేవు, మూత గొళ్ళెం కూడా బావుంది. బ్యాటరీ ఉబ్బలేదు కానీ పూర్తిగా ఖాళీ. ఛార్జర్ ఉందా?

(సభలోంచి: ... అమ్మని అడగాలండీ.)

(నవ్వులు) అడుగు. ఇప్పుడే ఫోన్ చెయ్యి, మేం ఇక్కడే ఉంటాం.